మంత్రగత్తెకి చదివి వినిపించిన కథలు

మా అమ్మ ఛాతీ జబ్బుల ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో నాకు తోడు మంత్రగత్తెలే. డెబ్బైల నడిమి సంగతి. నాన్నకి పోర్టులో క్రేను మీద పని. ఆయన షిఫ్టు మారినప్పుడల్లా మా ఇంట్లో వంట వేళలూ నిద్ర వేళలూ మారిపోయేవి. విశాఖపట్నం పాతనగరంలో, కొండవాలు మీదికి మెట్లుమెట్లుగా ఎక్కే ఒక సందులో మాది ఒక్క గది వాటా. బడి నుంచి వచ్చి, మెళ్లో దారానికి వేలాడే తాళంచెవితో తలుపు తీసుకుని, గిన్నె మీది మూత తీసి పొద్దుటి అన్నం తిని, గడప మీద కూచునేదాన్ని. రేవులోంచి ఓడ కూత వినపడితే అది వస్తోందో వెళ్తోందో పోల్చుకోవడం ఒక ఆట. ఇంకెవరూ లేకపోయినా ఆడుకోవచ్చు.

ఆదివారాలు ఆసుపత్రికి వెళ్లేవాళ్లం. పిల్లల్ని లోపలికి రానిచ్చేవారు కాదు. నాన్న కారియరు పట్టుకుని వెళ్లేవాడు, నేను బయట కానుగచెట్టు కింద నిలబడేదాన్ని. కాసేపటికి అమ్మ మేడ మీది వరండాలోకి వచ్చి చెయ్యి ఊపేది. నేనూ ఊపేదాన్ని. ఏదో అనేది గానీ అంత దూరానికి వినపడేది కాదు. గట్టిగా అంటే దగ్గొచ్చేది. అందుకని చేతులతోనే అడిగేది, అన్నం తిన్నావా అని, జడ ఎవరు వేశారని. మొదటిదానికి తలూపితే సరిపోయేది. రెండోదానికి చేతులతో ఎలా చెప్పాలో నాకు తెలిసేది కాదు.

మా సందు మొదట్లో గొడుగులు బాగుచేసే ముసలాయన ఒకాయన ఉండేవాడు. సాహెబు తాత అనేదాన్ని. వానలు వెనకబట్టాక గొడుగులతో ఎవరికీ పనుండదు కనక, కొట్టులో ఒక పక్క తాళ్లు కట్టి వాటి మీద పుస్తకాలు వేలాడదీసి అద్దెకిచ్చేవాడు. పెద్దవాళ్లకి అపరాధ పరిశోధనలు, పిల్లలకి మాయలూ మంత్రాలూ. చిన్నచిన్న పుస్తకాలు. అట్ట మీద రంగులు బొమ్మ గీత దాటి పక్కకి పాకి ఉండేవి. నేను కొట్టు మెట్టు మీదే కూచుని చదివేదాన్ని. తాత ఊచకి తీగ చుడుతూ మధ్యలో ఒకసారి తలెత్తి, "చినక్కుండా తిప్పు బేటీ" అనేవాడు. అంతకు మించి మాటలుండేవి కావు.

ఆ పుస్తకాల్లో రాకుమారులు నాకు నచ్చేవారు కాదు. వాళ్లకి అన్నీ ఉండేవి. వెంట మంత్రి కొడుకు, కింద గుర్రం, దారిలో దీవెనలిచ్చే ముని. రాకుమార్తెకి చెలికత్తెలు. మంత్రగత్తెకి మాత్రం ఎవరూ ఉండేవారు కాదు. గుహలోనో పాడుబడ్డ కోటలోనో సముద్రం మధ్య దీవిలోనో ఒక్కర్తే ఉండేది. తన వంట తనే వండుకునేది. తన మాటలు గుడ్లగూబతో చెప్పుకునేది. ఆమె ఇంటికి ఎవరైనా వచ్చారంటే చంపడానికే వచ్చేవారు. నాకు ఆమె అంటే భయం కంటే కుతూహలం ఎక్కువ. ఒంటరిగా ఉన్నా ఆమెకి ఎన్ని పనులు చేతనయ్యేవి! చచ్చినవాణ్ణి లేపేది, రాయిని మనిషిని చేసేది. దగ్గు ఆమెకి ఒక లెక్కలోది కాదని నాకు గట్టి నమ్మకం.

సందు చివర, ఉప్పు గోడౌను గోడకి ఆనించి వేసిన రేకుల గదిలో ఒక మామ్మ ఉండేది. మరీ ముసలిది కాదు, తల సగం నెరిసింది. గోడౌన్ల దగ్గర ఒలికిన గోధుమలు ఊడ్చి, చెరిగి, బస్తాకెత్తే పనికి వెళ్లేది. మాట్లాడేటప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. అయినా కనపడేది. ముందు పళ్లు లేవు. సందులో పిల్లలు ఆమె గదిని దాటేటప్పుడు పరిగెత్తేవారు. నాకు అప్పుడప్పుడు తలకి నూనె రాసి జడ వేసే పక్క వాటా పిన్ని ఒకరోజు నా చెవిలో చెప్పింది.

"ఆ కొసాకి ఎల్లకమ్మా. దానికి చిల్లంగి తెలుసంట."

"చిల్లంగంటే?"

"మంత్రాలమ్మా, చెడ్డ మంత్రాలు. దాని కళ్లల్లోకి సూడకు."

పిన్ని నన్ను భయపెట్టడానికి చెప్పింది. నేను మాత్రం ఆ రాత్రి సంతోషంగా నిద్రపోయాను. ఇన్నాళ్లూ పుస్తకాల్లో వెతుక్కుంటున్న మనిషి మా సందులోనే ఉంది.

మర్నాడు బడి నుంచి వచ్చి, అన్నం కూడా తినకుండా, చేతిలో అద్దె పుస్తకంతోనే వెళ్లాను. ఆమె గుమ్మంలో కూచుని చేటతో ఏదో చెరుగుతోంది.

"మామ్మా, నీకు మంత్రాలొచ్చా?"

చేట ఆగిపోయింది. ఆమె లేచి బయటికి వచ్చి సందు ఇటూ అటూ చూసింది. ఆమె భయపడుతోందని నాకు వెంటనే అర్థమైంది. మంత్రగత్తె నన్ను చూసి భయపడటం ఏ పుస్తకంలోనూ లేదు.

"ఎవులు సెప్పినారు నీకు?"

"అందరూ అంటన్నారు."

"ఓలమ్మ! నాకేటీ రావమ్మా. ఆ మాట మరెక్కడా అనకు. నీకు పున్నెముంటాది."

దాచుకుంటోందనుకున్నాను. పుస్తకాల్లో ఊరికే ఎవరూ మంత్రం వేయరు, బదులుగా ఏదైనా అడుగుతారు. నా దగ్గరున్న వాటిలో మంచిదేదో ముందే ఆలోచించుకుని వెళ్లాను.

"నా జుట్టు ఇచ్చేస్తాను, మొత్తం. మా అమ్మకి దగ్గు తగ్గించు."

ఆమె కొంగు నోటి దగ్గర్నుంచి జారిపోయింది. తర్వాత అడిగింది.

"అన్నం తిన్నావేటి?"

లేదన్నాను. లోపలికి వెళ్లి సత్తుగిన్నెలో చోడంబలి, అదే రాగి అంబలి, పోసి, ఉల్లిపాయ చితక్కొట్టి పెట్టింది. చల్లగా, కొంచెం పుల్లగా ఉంది. నేను తాగుతుంటే ఆమె నా పుస్తకం అట్ట తిప్పి చూస్తోంది. అట్ట మీద ముక్కు వంకర తిరిగిన ముసల్ది, నోట్లో ఒకే ఒక్క కోర, చేతిలో ఎముక.

"ఎవుల్తె ఇది?"

"మంత్రగత్తె."

"దీనికి పళ్లేవి?"

"మంత్రగత్తెలకి పళ్లుండవు మామ్మా."

తెలియక అన్నాను. ఆమె కోప్పడలేదు. అట్టని వేలితో తడిమి పుస్తకం నాకిచ్చి, "సదువు, ఇంటాను" అంది.

అలా మొదలైంది. నాన్నకి పగటి షిఫ్టు ఉన్నప్పుడల్లా సాయంత్రాలు అక్కడే గడిపేదాన్ని. ఆమెకి చదువు రాదు. నేను చదువుతుంటే చెరగడం ఆపేది కాదు గానీ చేట చప్పుడు మాత్రం తగ్గించేది. రాకుమారుడు తప్పిపోతే "అయ్యో" అనేది. మంత్రగత్తె దీవి దగ్గరకొచ్చేసరికి ఏమీ అనేది కాదు. మొదటి పుస్తకం అయిపోవస్తుంటే అడిగింది, "ఆకరికి దానికేటవుతాది?"

"తల నరికేస్తాడు."

"దానేటి సేసింది?"

వెనక్కి తిప్పి చూశాను. రాకుమార్తెని ఎత్తుకొచ్చింది, చిలకని చేసింది. చెప్పాను.

"అయితే సరేలే" అంది.

రెండో పుస్తకంలోనూ నరికారు. మూడోదానిలో తగలబెట్టారు. ఆమె ప్రతిసారీ అదే అడిగేది, నేను అదే చెప్పేదాన్ని. ఆ మూడో పుస్తకం రోజున, గోధుమల్లో రాళ్లు ఏరుతూ, నా వైపు చూడకుండా, తన సంగతి చెప్పింది.

"ఓ ఏడాది మా ఊర్లో పిల్లగుంటలకి జొరాలొచ్చీసినాయి. ఇంటికొకలు పోనారు. నా మొగుడు అంతకు ముందే పోయినాడు, నానొక్కదాన్నే ఉండేదాన్ని. పసర్లు నూరి ఇచ్చేదాన్నా, అదే పాపమైపోయింది. నానే సేసీసినానన్నారు. పళ్లుంటే మంత్రం సరిగా పలుకుతాదంట. రాయెట్టి కొట్టీసినారు."

అప్పటికి నా పాలపళ్లు ఊడి కొన్నాళ్లే అయింది. ఆసుపత్రికి వెళ్లకముందు, ఒక పన్ను ఊడితేనే అమ్మ ఎంత హడావుడి చేసిందో గుర్తొచ్చింది.

"నెప్పెట్టిందా?"

"అప్పుడు తెలీలేదమ్మా. మనసులందరూ నాకు తెలిసినోళ్లే. ఆళ్ల మొకాలు సూస్తా ఉండిపోయాను."

ఆ తర్వాత పుస్తకాన్ని ఉన్నదున్నట్టు చదవడం నా వల్ల కాలేదు. రాకుమారుడు కత్తి దూసే పేజీ వచ్చేది. అప్పుడు కళ్లు పుస్తకం మీదే ఉంచి నోటికొచ్చింది చెప్పేదాన్ని. ఒకసారి రాకుమారుడికి అక్కడే జ్వరమొస్తే మంత్రగత్తె గంజి కాచి ఇచ్చింది. ఇంకోసారి కత్తి తుప్పు పట్టి ఒరలోంచి రాలేదు. మరోసారి ఆమె పడవెక్కి దీవి వదిలి ఇంకో రేవుకి వెళ్లి అక్కడ ఇడ్లీలు వేసి అమ్మింది. ఆ కథకి మామ్మ చేట పక్కన పడేసి నవ్వింది. కొంగు అడ్డం పెట్టుకోకుండా ఆమె నవ్వగా చూడటం అదే మొదలు.

"ఆకు తిప్పకుండానే సదివేత్తన్నావేటి, పాపా?"

దొరికిపోయాను. కానీ ఆమె అంతకు మించి ఏమీ అనలేదు. "బాగుందిలే, అదే సదువు" అంది.

వానలు పడ్డాక నాకు టైఫాయిడ్ వచ్చింది. జ్వరం తగ్గేది కాదు, తగ్గినట్టే ఉండి మళ్లీ వచ్చేది. నాన్న సెలవు పెట్టి నా పక్కనే కూచున్నాడు. పిన్ని తడిగుడ్డ మారుస్తూ ఏడ్చేది. "నాను సెప్తానే ఉన్నాను, ఆ కొసాకి ఎల్లకమ్మా అని." నా మీద ఆవిడకి నిజంగా ప్రేమ. ఆ ప్రేమ కొద్దీనే సందంతా చెప్పింది.

ఒక పొద్దున్న మా గుమ్మంలో మగవాళ్లు నలుగురైదుగురు నిలబడ్డారు. నేను కళ్లు మూసుకునే ఉన్నాను గానీ మాటలు వినపడుతున్నాయి.

"బావా, నీ పిల్ల కాబట్టి దాన్ని పొమ్మని నువ్వే సెప్పు. నువ్వు సెప్పకపోతే మేం సెప్పాల్సొస్తాది."

"డాక్టరు మందిచ్చాడు కదరా" అన్నాడు నాన్న.

"మందుకి తగ్గిందేటి మరి?"

పెళ్లాం ఆసుపత్రిలో, పిల్ల మంచం మీద. నాన్న చొక్కా తొడుక్కుని బయటికి వెళ్లాడు. లేవాలని చూశాను, తల ఎత్తలేకపోయాను. కాసేపటికి నాన్న తిరిగొచ్చి నా కాళ్ల దగ్గర కూచున్నాడు.

జ్వరం పూర్తిగా తగ్గి నేను గోడ పట్టుకుని నడిచే నాటికి రేకుల గది తలుపు బార్లా తీసి ఉంది. లోపల పొయ్యి రాళ్లు తప్ప ఏమీ లేవు. సాహెబు తాత ఒక్కడే నాకు సంగతి చెప్పాడు.

"బస్సెక్కించాను బేటీ. తగరపువలసలో చెల్లెలి కూతురుందంట. నీకెలా ఉందని అడిగింది. అప్పుడు నాకూ తెలీదు కదా, ఏం చెప్పను?"

నాన్నతో కొన్నాళ్లు మాట్లాడలేదు. ఆయన బతిమాలలేదు. ఒకరోజు అన్నం కలిపి పెడుతూ తనే అన్నాడు. "నాను దండమెట్టి అడిగేనమ్మా, ఎల్లిపో అత్తా అని. ఆళ్లు నలుగురూ ఎల్తే దండమెట్టరు." ఆయన చెప్పింది తప్పని అప్పుడూ అనలేకపోయాను, ఇప్పుడూ అనలేను. కానీ ఆ ముద్ద మింగుడు పడలేదు.

మరుసటి వేసవికి అమ్మ ఇంటికి వచ్చింది. సన్నగా, తెల్లగా, చుట్టాలావిడలా ఉండేది. ఆమె కంచం వేరు, గ్లాసు వేరు. జడ వేసేటప్పుడు ఊపిరి నా మీద పడకుండా మొహం పక్కకి తిప్పుకునేది. నేను ఆమె వైపు తిరిగితే "అటు చూడు" అనేది. ఇంట్లో మనుషులున్నారు, అయినా సాయంత్రాలు పొడుగ్గానే ఉండేవి. మాయల పుస్తకాలు మానేశాను. తాత కొత్తవి వచ్చాయని పిలిచినా వెళ్లేదాన్ని కాదు.

టీచరు ట్రైనింగ్ అయ్యాక, ఎనభైల చివర్లో, ఉక్కు ఫ్యాక్టరీ కాలనీ అయిన ఉక్కునగరంలో చిన్నపిల్లల బడిలో ఉద్యోగం దొరికింది. అప్పటికి సెక్టార్లలో క్వార్టర్లు కట్టేసి ఉన్నా చాలావాటికి తాళాలే. ఎర్రమట్టి గాలికి లేచి గచ్చంతా పొరలా పరుచుకునేది. నాకు ఇచ్చిన క్వార్టరుకి పక్కదీ ఖాళీ, పైదీ ఖాళీ. షిఫ్టు బస్సులు వచ్చి మనుషుల్ని దింపి, ఎక్కించుకుని పోయాక వీధి మళ్లీ ఎవరూ లేనట్టే ఉండేది. బడి నుంచి వచ్చి తాళం తీసేటప్పుడు లోపలి నిశ్శబ్దం ముందుగా మొహానికి తగిలేది.

బడిలో వారానికొకసారి కథల పీరియడు. అల్మారాలో ఉన్న పుస్తకాల్లోంచి పిల్లలు ఎప్పుడూ మంత్రగత్తె కథే ఏరుకునేవారు. ఒకరోజు చదువుతుంటే ముందు వరసలో ఒక చిన్నపిల్ల చెయ్యెత్తింది.

"టీచర్, మంత్రగత్తెకి అమ్మ ఉండదా?"

మిగతా పిల్లలు నవ్వారు. నేను "ఉంటుంది" అన్నాను.

"మరి ఆవిడేటి సేస్తాది, కూతురి తల నరికేస్తే?"

పుస్తకం మూసేశాను. ఆ ఆదివారం తగరపువలస బస్సెక్కాను.

మధురవాడ దగ్గర అప్పట్లో రోడ్డుకి రెండు పక్కలా జీడితోటలే. కిటికీలోంచి చూస్తూ ఉంటే అసలు విషయం తట్టింది. ఆమె పేరు నాకు తెలియదు. ఎవరినీ పళ్లు లేని మామ్మ అని అడగలేను, ఆ మాట నా నోట రాదు. సంతలో తిరిగి తిరిగి, విశాఖపట్నం రేవులో గోధుమలు చెరిగే పని చేసి వచ్చిన ముసలామె అని అడుగుతూ పోయాను. చివరికి చీపుర్లమ్మే ఒకామె "మా పెద్దమ్మా?" అని లేచింది.

సంత వెనక పెంకుటింటి అరుగు మీద మామ్మ చింతపండు గింజలు తీస్తోంది. తలంతా తెల్లబడిపోయింది. చూపు బాగా తగ్గినట్టుంది, నేను ఎదురుగా నిలబడినా చెయ్యి ఆపలేదు.

"మామ్మా, నేను పోర్టు క్రేనాయన కూతుర్ని. నీకు పుస్తకాలు చదివేదాన్ని."

ఆమె చేతులు ఆగిపోయాయి. చింతపండు అంటిన చేతుల్నే గాల్లోకి చాపింది. దగ్గరకి వెళ్లాను. నా మొహం, మెడ, భుజాలు తడిమింది.

"ఉన్నావా తల్లీ?" అంది. "ఉన్నావా?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు.

"నానొచ్చీసినప్పుడు నీకు జొరం. తగ్గిందో లేదో సెప్పినోళ్లు లేరు. ఎవుల్ని అడగను? అడిగితే మల్లీ ఏటంటారో. ఏ పిల్లగుంట గొంతు ఇన్నా నువ్వే అనుకునేదాన్ని."

ఇన్నేళ్లూ ఆమె వెళ్లిపోయిందనే నేను బాధపడ్డాను. నేను చచ్చిపోయి ఉంటానని, ఆ చావు కూడా తన మీదే వేసి ఉంటారని ఆమె ఇక్కడ కూచుని అనుకుంటూ ఉందని నాకు ఎప్పుడూ తోచలేదు. ఆమె భుజం మీద తల పెట్టుకుని ఏడ్చాను. చీపుర్లమ్మే ఆ చెల్లెలి కూతురు ఏమీ అడగకుండా మంచినీళ్లు తెచ్చి పక్కన పెట్టింది.

"మీ అమ్మ?"

"బాగుంది. దగ్గు లేదు."

"అదీ" అంది మామ్మ, తను చేసిన పనేదో సరిగా వచ్చినట్టు.

మధ్యాహ్నం అక్కడే తిన్నాను. మెత్తళ్ల చేపల పులుసు పెట్టారు. మామ్మకి విడిగా అన్నం మెత్తగా పిసికి పెట్టింది చెల్లెలి కూతురు. ఆ ఇంట్లో ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకోలేదు. కథ చదవమని ఆమె అడగలేదు, నేనూ చదువుతాననలేదు.

ఇంటికి వెళ్లినప్పుడు నాన్నకి చెప్పాను. అప్పటికి ఆయన రిటైరయ్యాడు. వీధిలోకి చూస్తూ కూచున్నవాడు నా వైపు తిరిగాడు.

"నన్నేటైనా అందా?"

"అమ్మ ఎలా ఉందని అడిగింది."

ఆయన లేచి లోపలికి వెళ్లిపోయాడు. తర్వాతి ఆదివారం నేను అక్కణ్ణుంచే తగరపువలసకి బయల్దేరుతుంటే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

మామ్మ ఆయన గొంతు పోల్చింది. "కూకో బాబూ" అని అరుగు మీద చింతపండు చేట పక్కకి జరిపింది. నాన్న కూచున్నాడు. వానలు ఈసారి ముందే పడ్డాయన్నాడు. ఔనంది. రేవులో ఇప్పుడు గోధుమ ఓడలు రావడం తగ్గిపోయిందన్నాడు. "మరి ఆ ఆడోళ్లంతా ఏటి సేస్తన్నారు?" అని అడిగింది. తెలియదన్నాడు. నాన్న ఒక చింతకాయ తీసుకుని గింజ తీయడం మొదలెట్టాడు. చేతకాక గుజ్జంతా వేళ్లకి పూసుకున్నాడు. ఆమె ఆయన చేతిలోంచి ఆ కాయ తీసుకుని ఎలా తీయాలో చూపించింది. అసలు మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. నేను ఎత్తుదామనుకుని మానేశాను.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాన్న కిటికీ పక్కన కూచున్నాడు. ఏదైనా చెప్తాడేమోనని చూశాను. జీడితోటలు దాటేసరికి ఆయన తల కిటికీ ఊచకి ఆనిపోయింది, నిద్రపట్టేసింది. నేను మేలుకుని కూచున్నాను.